బర్మా వెళ్ళిన చిన్నతాతని వెతికాం: నా అనుభవం

మా తాత తమ్ముడు రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిగా వెళ్ళి తిరిగి రాలేదు. ఇంట్లో ఆయన గురించి మిగిలింది ఒక్క మాటే: "బర్మా ఎల్లిపోనాడు, మరి రానేదు." ఫొటో లేదు, కాగితం లేదు. విశాఖ చుట్టుపక్కల ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉంటాయి కాబట్టి మేం ఎలా వెతికామో రాస్తున్నాను.

ముందు సబ్బవరం వైపు మా ఊరెళ్ళి మామ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె ఆయనకి ఆఖరి చెల్లెలు, తొంభై దాటాయి. ఏ సంవత్సరం అంటే చెప్పలేదు గానీ, "పట్నంలో బాంబులు పడ్డాయి చూడు" అని మొదలుపెట్టాక ఇక ఆగలేదు. జపాన్ విమానాలు విశాఖ హార్బరు మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. పట్నం జనం మూటలు కట్టుకుని పల్లెలకి వచ్చేస్తే మా అరుగు మీద కూడా కొందరు పడుకున్నారట. ఆ ఏడాదే చిన్నతాత పట్టాళంలో చేరాడు. దేశం కోసమో, దొరల కోసమో కాదు. అన్నదమ్ములు పంచుకుంటే ఆయన వాటాకి అరెకరం కూడా రాదు. పట్టాళంలో అయితే తిండి, బట్ట, బూట్లు, పైన నెలకు పద్దెనిమిది రూపాయలు అన్నారట. వాల్తేరు స్టేషన్లో రైలెక్కాడు.

మధ్యలో ఒక్కసారి సెలవు మీద వచ్చాడు. హిందుస్తానీ ముక్కలు మాట్లాడుతున్నాడు, ఒళ్ళంతా పచ్చగా ఉంది. కామెర్లు అనుకుని వాళ్ళమ్మ ఏడ్చి, నాటుమందు వేయించడానికి లాక్కెళ్ళబోతే నవ్వాడట. ఈ ముక్క దగ్గరే నాకు మొదటి ఆధారం దొరికింది. బర్మా సరిహద్దు అడవుల్లో మలేరియా రాకుండా సిపాయిలతో రోజూ మెపాక్రిన్ మాత్రలు మింగించేవారు. వాటివల్ల చర్మం పసుపు రంగుకి తిరిగేది. అంటే సెలవు నాటికే ఆయన ఆ అడవుల్లో ఉన్నాడన్నమాట. "తుపాకీ కంటే పలుగే ఎక్కువ పట్టేను" అన్నాడని కూడా మామ్మకి గుర్తుంది. అలాగైతే రోడ్లు, వంతెనలు కట్టే దళం అయి ఉండాలి. మన వైపు కుర్రాళ్ళు ఎక్కువగా చేరిన మద్రాస్ శాపర్స్ పని అదే.

ఇక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్లో చనిపోయిన సైనికుల పేర్లు ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. వెతకొచ్చు గానీ, మా ఇంటిపేరు కొడితే సున్నా. అప్పట్లో మనవాళ్ళని చాలావరకు ఒట్టి పేరుతోనే రాసుకున్నారు. సింహాచలం చుట్టుపక్కల ఇంటికో అప్పన్న ఉంటాడు, మా చిన్నతాతా అప్పన్నే. ఇంగ్లీషులో ఆ పేరుని ఏ గుమస్తా ఎన్ని 'పి'లతో, ఎన్ని 'ఎన్'లతో రాశాడో ఎవరికి తెలుసు?

పని చేసింది పేరు కాదు. ఆ సైట్లో 'అదనపు సమాచారం' అని ఒక గడి ఉంటుంది. చాలామందికి అందులో ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా అని ఉంటుంది. జిల్లా పేరుని ఇప్పటిలా కాకుండా దొరల కాలంలో రాసినట్టు 'వైజాగపటం' (Vizagapatam) అని కొట్టాలి. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో విడిపోయాయి కాబట్టి అక్కడివాళ్ళూ ఇందులోనే ఉంటారు. ఆ రాత్రి మా చిన్నతాత సంగతి కాసేపు పక్కనపెట్టి ఆ వివరాలే చదువుతూ ఉండిపోయాను. అన్నీ మనకి తెలిసిన ఊళ్ళే, బస్సు బోర్డుల మీద రోజూ చూసేవే. వయసు చూస్తే పంతొమ్మిది, ఇరవై.

మా ముత్తాత పేరు, మా ఊరి పేరు ఒకే వరుసలో కనబడ్డాయి. శాపర్, 1944, వయసు ఇరవై ఒకటి. సర్వీసు నంబరు ఉంది. సమాధి లేదు. యాంగోన్ పక్కన తౌక్యాన్ శ్మశానంలో ఉన్న రంగూన్ మెమోరియల్ మీద పేరుంది. సమాధి తెలియని దాదాపు 27,000 మంది పేర్లు ఆ స్తంభాల మీద చెక్కారు. తండ్రి పేరు తర్వాత ఇంకో పేరు: భార్యది.

ఆయనకి పెళ్ళయిందని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. మామ్మని అడిగితే మొహం అటు తిప్పుకుంది. సాయంత్రానికి తనే చెప్పింది. సెలవులో వచ్చినప్పుడే పెళ్ళి చేశారట. చావు కబురు, పింఛను మనియార్డర్లు అన్నీ ఆ పిల్ల పేరునే వచ్చాయి. డబ్బు దగ్గర మాటా మాటా పెరిగి ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది. తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకుంది. మా ఇంట్లో కాగితం ముక్క లేకపోవడానికి కారణం అదీ. మీరూ వెతుకుతుంటే ముందు చనిపోయినాయన అత్తింటివాళ్ళని అడగండి.

మేం అడిగాం. భీమిలి దగ్గర ఆమె అన్న మనవడు మమ్మల్ని కూర్చోబెట్టి, బీరువా పైనుంచి రేకు డబ్బా దించాడు. రిబ్బను మాసిపోయిన బర్మా స్టార్, ఇంకో రెండు మెడల్స్ ఉన్నాయి. "మీవే కదండీ, తీసుకెళ్ళండి" అన్నాడు. ఇన్నేళ్ళు దాచింది వాళ్ళు, మాకెలా చెందుతాయి? ఫొటోలు తీసుకుని డబ్బా అక్కడే ఉంచేశాం.

సర్వీసు రికార్డు కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే, ఒక రిటైర్డ్ హవల్దారు గారు దళాన్ని బట్టి రికార్డుల ఆఫీసు ఉంటుందని, శాపర్స్‌ది బెంగళూరని చెప్పారు. అన్నిటికంటే టెన్షన్ పెట్టింది బంధుత్వం రుజువు. అప్పుడు చనిపోయినాయన పేరు ఇప్పటి ఏ కార్డులో ఉంటుంది? చివరికి మామ్మ చేత స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాయించి వేలిముద్ర వేయించాం. "మా వదిన పేరు కూడా రాయించు, లేకపోతే నేనెయ్యను" అంది. రాయించి, రిజిస్టర్డ్ పోస్టులో బెంగళూరు పంపాను. జవాబు ఇంకా రాలేదు.