శ్రావణానికి ఇంటి పూలు: అనంతపురంలో మా వాకిలి లెక్క

ఆగస్టు

నిన్న వరలక్ష్మీ వ్రతం. పూజకు పూలన్నీ టవర్ క్లాక్ దగ్గర కొన్నవే. శ్రావణ శుక్రవారం పూల ధరలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. డబ్బు సంగతి అలా ఉంచితే, మా ఇంటి ముందు ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు మట్టి నేల ఉంది. మూడేళ్లుగా అందులో చెట్లు పెడుతూనే ఉన్నాను. అయినా నిన్న పొద్దున అమ్మవారికి కోద్దామంటే నాలుగు మందారాలు దొరికాయి, అంతే. చాలా బాధనిపించింది.

రాత్రి పాత క్యాలెండర్ తీసి, ఒక్కో నెల కాగితం వెనక ఆ నెలలో మా ఇంట్లో ఏం పూసిందో గుర్తున్నంత వరకు రాశాను. జనవరి వెనక ఏడు పేర్లు వచ్చాయి. ఏప్రిల్‌కు గుండుమల్లె, కాగితపు పూలు. జూలై, ఆగస్టులకు మందారం ఒక్కటే. ఎందుకిలా అయిందో అప్పుడు అర్థమైంది. నేను నర్సరీకి వెళ్లేది సంక్రాంతి సెలవుల్లో. అప్పుడు పూస్తున్నవాటిని చూసి ముచ్చటపడి కొంటాను. అవన్నీ చలికాలం పూలే కదా.

అందుకే ఈసారి మాకు ఖాళీగా ఉన్న నెలలోనే వెళ్దామనుకున్నాను. అయితే నర్సరీలో నెట్ నీడలో, మందుల మీద పూసే మొక్క మన ఎండలో అలాగే పూస్తుందని చెప్పలేం. కాబట్టి ముందు రెండు సాయంత్రాలు మా వీధులన్నీ తిరిగాను. మూడిళ్ల ముందు జాజి తీగలు, ఒక గోడ పక్కన నందివర్ధనం, ఎవరూ నీళ్లు పోయని ఖాళీ స్థలంలో ఎర్ర గన్నేరు. మనకు కావలసినవి మన వీధిలోనే పూస్తున్నాయి. జాజి రెండు, నందివర్ధనం రెండు, గన్నేరు ఒకటి, రెయిన్ లిల్లీ గడ్డలు పన్నెండు తెచ్చాను. గన్నేరులో ఆకు, కాడ, పువ్వు అన్నీ విషమే. పక్కింటి పాప మా వాకిట్లోనే ఆడుకుంటుంది కాబట్టి గన్నేరును ఇంటి వెనక గోడ దగ్గరకు పంపేశాను.

సెప్టెంబరు

మా జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. మిగతా నెలలకంటే ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. కొత్త చెట్టు నాటాలంటే ఇంతకంటే మంచి సమయం మాకు లేదు. జూన్‌లో తొలి వాన చూసి నాటితే ఆ వెనకే వచ్చే గాలికి, పొడికి తట్టుకోవు.

నాటే పద్ధతిలో ఒక మార్పు చేశాను. ఇక్కడి నర్సరీలకు మొక్కలు ఎక్కువగా గోదావరి వైపు కడియం నుంచి వస్తాయి. వాటి వేళ్ల చుట్టూ గోదావరి బంకమట్టి ముద్ద ఉంటుంది. కిందటేడు నేను రోజూ నీళ్లు పోసినా ఒక సన్నజాజి ఎండిపోయింది. పీకి చూస్తే చుట్టూ ఉన్న మా ఎర్రమట్టి తడిగానే ఉంది, మధ్యలో ఆ ముద్ద మాత్రం ఇటుకలా గట్టిపడి, గోటితో గీస్తే పొడి రాలింది. పోసిన నీళ్లన్నీ ముద్ద పక్కనుంచి జారిపోయాయన్నమాట. ఈసారి కవరు విప్పి, ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, పైమట్టి చేతివేళ్లతో మెల్లగా రాల్చాను. ఒకటిన్నర అడుగు గుంత, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. అయిదు చెట్లూ పట్టుకున్నాయి.

అక్టోబరు

కనకాంబరాలు ఈ ఏడాది కూడా ఒక్కొక్కటిగా వాడిపోయాయి. పీకితే వేళ్ల నిండా ఆవాలంత బుడిపెలు. మట్టిలో ఉండి వేళ్లను పట్టే నులిపురుగుల పని అది. మళ్లీ అక్కడే కనకాంబరం పెడితే లాభం లేదు. ఆ చోట ఆగస్టులోనే బంతి విత్తనాలు చల్లాను, బంతి వేళ్లు నులిపురుగులను తగ్గిస్తాయి కాబట్టి. నెల రోజుల మొక్కప్పుడు తలలు తుంచాను. దసరాకు గుమ్మం నిండా మా బంతిపూలే.

నవంబరు, డిసెంబరు

చామంతి విషయం కొంచెం వివరంగా రాయాలి. కిందటి చలికాలం చివర్లో ఒకే తల్లిచెట్టు పిలకలు ఎనిమిది కుండీల్లో పెట్టాను. నాలుగు గేటు దగ్గర, నాలుగు ఇంటి వెనక. ఒకే మట్టి, ఒకే నీళ్లు. వెనకవి కార్తీకం మొదట్లోనే మొగ్గ తొడిగాయి. గేటు దగ్గరవి మోకాలెత్తు పెరిగి, ముదురాకుపచ్చగా నవనవలాడుతున్నాయి కానీ ఒక్క మొగ్గ లేదు. ఎరువు ఎక్కువైందేమో అనుకున్నాను. తర్వాత ఒక రాత్రి గేటు వేయడానికి వెళ్తే, కొత్తగా వేసిన వీధిలైటు వెలుతురు సరిగ్గా ఆ కుండీల మీద పడుతోంది. చామంతి మొగ్గ తొడగాలంటే రాత్రి పొడవుగా, చీకటిగా ఉండాలి. రాత్రంతా లైటు పడితే దానికి ఇంకా ఎండాకాలమే.

ఆ రాత్రే రెండు కుండీలు వెనక్కి మార్చాను. మూడు వారాలకు కొసల్లో మిరియపు గింజల్లాంటి మొగ్గలు కనిపించాయి, సంక్రాంతికి విచ్చుకున్నాయి. గేటు దగ్గరే ఉంచిన రెండూ అప్పటికీ ఆకులే. ఇక గేటు దగ్గర చామంతి పెట్టను. అక్కడ డిసెంబరాల కొమ్మలు గుచ్చాను, వాటి సంగతి వచ్చే చలికాలంలో చూడాలి.

డిసెంబరులో గుండుమల్లెకు రెండు వారాలు నీళ్లు ఆపి, అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేశాను. మా అత్త చూసి "పచ్చని చెట్టును అట్ల చేస్తివేమ్మా" అని బాధపడింది. తర్వాత గంప ఎరువు వేసి నిండుగా నీళ్లు పెట్టాను. ఫిబ్రవరి చివరికి కొత్త కొమ్మలు, మార్చిలో మొగ్గలు. ఆ వేసవి మల్లెలన్నీ ఆమే కట్టింది.

ఏప్రిల్, మే

ఎండ నలభై దాటింది. ఈ రెండు నెలలూ కొత్తగా ఏమీ పెట్టలేదు, ఉన్నవాటిని కాపాడుకోవడమే పని. పాదుల్లో మూడంగుళాల మందాన శెనక్కాయల పొట్టు పరిచాను. మిల్లుల దగ్గర బస్తాల్లో దొరుకుతుంది. రోజూ నీళ్లు అడిగే జాజి రోజు విడిచి రోజుకు సర్దుకుంది. పొట్టు కాండానికి తగిలితే చెదలు పడతాయి, నాలుగు వేళ్ల దూరం వదలాలి. కాగితపు పూలకు మాత్రం నీళ్లు తగ్గించాను. ఎంత ఎండబెడితే అంత పూస్తాయి.

జూలై

ఆషాఢం గాలి. మా వైపు రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. మందారం మొగ్గలు విచ్చకముందే రాలిపోతున్నాయి. నందివర్ధనాలు పడమటి గోడ వెంట పెట్టడం మంచిదైంది. గాలి వాటికి తగిలి, వెనక ఉన్న జాజి తీగల దగ్గరకు వచ్చేసరికి తగ్గిపోతోంది. తీగను గుంజకు మూడు చోట్ల పాత చీర పేలికతో కట్టాను. ప్లాస్టిక్ తాడైతే గాలికి కాండాన్ని కోసేస్తుంది. పదో తేదీన గంటసేపు వాన పడింది. నాలుగో రోజు పొద్దున పన్నెండు గడ్డల్లో తొమ్మిది రెయిన్ లిల్లీలు గులాబి రంగులో లేచి నిలబడ్డాయి.

ఆగస్టు

మొదటి శ్రావణ శుక్రవారం. తెల్లవారకముందే టార్చి పట్టుకుని జాజి మొగ్గలు కోశాను. రెండు తీగలకు కలిపి దోసెడున్నర. మా అత్త అరటినారతో కడితే మూరన్నర దండ అయింది. నందివర్ధనాలు పళ్లెం నిండా, వెనక నుంచి గన్నేరు రెండు గుత్తులు. క్యాలెండర్ కాగితం వెనక ఇవాళ మందారంతో కలిపి నాలుగు పేర్లు రాశాను.

కనకాంబరం మాత్రం కొనాల్సి వచ్చింది. వాన పదునవగానే మూడు మొక్కలు తెచ్చి, కిందటేడు బంతి ఉన్న చోట, మధ్యాహ్నం తర్వాత గోడ నీడ పడే వైపు నాటుతాను.