రూపాయలు చెల్లిన పబ్బు

శనివారం. పొద్దున్నే వాన వెలిసింది కదా అని అత్తయ్యగారిని తీసుకుని లండన్‌లో పంజాబీలు ఎక్కువగా ఉండే సౌతాల్ వెళ్ళాను. హౌన్స్‌లోలో 120 బస్సు ఎక్కితే చాలు, తిన్నగా తీసుకెళ్ళి దింపేస్తుంది. కాకినాడ నుంచి వచ్చినప్పటి నుంచీ ఆవిడకి ఈ దేశంలో మునక్కాడలు దొరకవేమోనని ఒకటే బెంగ. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఇంగ్లీషుతో పాటు పంజాబీలో కూడా ఊరి పేరు చూసేసరికి ఆ బెంగ సగం తీరిపోయింది.

కూరల కొట్టులో ప్రతి మునక్కాడనీ విరిచి చూడబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. బిల్లు దగ్గర ఇంకో పేచీ. పర్సులోంచి మన వంద నోట్లు తీసి, "సరుకంతా మనదే, అమ్మేవాళ్ళూ మనవాళ్ళే. డబ్బు మాత్రం మనది పనికిరాదా?" అన్నారు. కౌంటర్లో ఉన్న పంజాబీ ఆవిడకి భాష తెలియకపోయినా విషయం అర్థమై నవ్వేసింది.

"పనికొచ్చే చోటు ఒకటి ఉండేదండి అత్తయ్యా, ఇక్కడే," అన్నాను. "పదండి, చూపిస్తా. ఎలాగూ టిఫిను వేళయింది."

సౌత్ రోడ్డులో గ్లాసీ జంక్షన్ అని ఒక పబ్బుండేది. నడిపింది పంజాబీలు. బయట భాంగ్రా బొమ్మలు, లోపల తందూరీ, మన దేశపు బీర్లు. బ్రిటన్‌లో భారతీయ రూపాయలు తీసుకున్న మొదటి పబ్బుగా పేరు దానికి. జలంధర్ నుంచి దిగిన మనిషి జేబులో మిగిలిన నోట్లిచ్చి ఒక పైంట్ బీరు తాగొచ్చు. దీన్ని చూడ్డానికే టూరిస్టులు వచ్చేవాళ్ళు. నన్నడిగితే అది వ్యాపారం కన్నా దర్జా. మా రాణీగారి బొమ్మ ఉంటేనే నోటా, గాంధీగారి బొమ్మయితే కాదా అని అడిగినట్టుండేది. 2012లో మూసేశారు. ఇంకో నాలుగేళ్ళు నడిచి ఉంటే మాత్రం తమాషా అయ్యేది. 2016 నవంబరు 8 రాత్రి ఆ గల్లాపెట్టెలో ఉన్న అయిదు వందల నోట్ల గతేమిటి? లండన్ నుంచి వచ్చి మన బ్యాంకు క్యూలో నిలబడేవాళ్ళా?

పబ్బు పోయాక అక్కడ దక్షిణాది శాకాహార హోటలు వచ్చింది. మేం టిఫిను చేసింది అక్కడే. అత్తయ్యగారు దోసె ముక్క సాంబారులో ముంచి నోట్లో పెట్టుకున్నాక గానీ అసలు సంగతి చెప్పలేదు నేను. నమలడం ఆపి ఒకసారి చుట్టూ చూశారు. "మరి కడిగించారా?" అన్నారు.

"పన్నెండేళ్ళు దాటిందండి. ఈపాటికి కడిగే ఉంటారు."

"ఆ, అయితే సరే," అని ఇంకో గిన్నె సాంబారు పొయ్యమన్నారు.

ఆవిడకి తాగుడంటే మద్యనిషేధం రోజులే గుర్తు. 1995లో ఎన్టీఆర్ మన రాష్ట్రంలో మందు మాన్పించినప్పుడు వాళ్ళ వీధిలో మగాళ్ళకి ఉన్నట్టుండి యానాంలో పనులు పుట్టుకొచ్చాయట. అక్కడ పాండిచ్చేరి పాలన, నిషేధం లేదు. "తాగడానికి రాష్ట్రం దాటడం చూశాం గానీ, తాగనివ్వడం లేదని పోట్లాడ్డం ఎక్కడా వినలేదమ్మా," అన్నారు, నేను పాత కథ ఎత్తుకోగానే.

కథ చిన్నది కాదు. 1950ల నుంచి ఇక్కడి వూల్ఫ్ రబ్బరు ఫ్యాక్టరీలో పంజాబీలు ఒళ్ళు హూనమయ్యేలా పనిచేశారు. షిఫ్టు దిగి ఒక గ్లాసు బీరు తాగుదామన్నా ఈ దేశంలో చాలా పబ్బుల్లో గడప దగ్గరే తెల్లమొహం, నల్లమొహం చూసేవాళ్ళు. 1965 చివర్లో జాతి సంబంధాల చట్టం అమల్లోకి వచ్చేదాకా దాన్ని అడ్డుకునే చట్టమే లేదు. బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్‌లో బ్లూ గేట్స్ అనే పబ్బులో ఒక గది తెల్లవాళ్ళకి మాత్రమే. ఆ ఏడాది ఫిబ్రవరిలో అక్కడి భారతీయ కార్మిక సంఘం వాళ్ళు పిలిస్తే అమెరికా నుంచి, అక్కడ నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మాల్కం ఎక్స్ వచ్చి ఆ పబ్బుకి వెళ్ళాడు. ఆ గదిలో ఆయనకీ పొయ్యలేదు. తొమ్మిది రోజుల తరవాత న్యూయార్క్‌లో ఆయన్ని కాల్చి చంపారు.

చట్టం వచ్చినంత మాత్రాన మనుషులు మారిపోలేదు. 1976లో ఈ సౌతాల్ వీధిలోనే, డొమీనియన్ సినిమా హాలు దగ్గర, గుర్దీప్ సింగ్ చగ్గర్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి పొడిచి చంపారు. 1979లో వలస వచ్చినవాళ్ళు వద్దనే నేషనల్ ఫ్రంట్ పార్టీ వాళ్ళు టౌన్ హాల్లో మీటింగు పెడితే, వద్దని వీధిలోకొచ్చిన జనంలో బ్లెయిర్ పీచ్ అనే టీచరు దెబ్బతిని చనిపోయాడు. న్యూజిలాండ్ ఆయన. ఇప్పుడు ఇక్కడ ఒక ప్రైమరీ స్కూలుకి ఆయన పేరే. ఇక 1981 జులై 3న, బ్రాడ్‌వేలో హాంబ్రో టావెర్న్ అనే పబ్బులో పాటకచేరీ అని చెప్పి ఈస్ట్ లండన్ నుంచి బస్సుల నిండా స్కిన్‌హెడ్లు, అంటే గుండ్లు గీయించుకున్న తెల్ల కుర్రాళ్ళు, దిగారు. దారిపొడుగునా మన కొట్ల అద్దాలు పగలగొట్టారు. ఆ రాత్రి ఊరి కుర్రాళ్ళు ఏకమై ఆ పబ్బుని తగలబెట్టేశారు. తగలబెట్టడం ఒప్పా తప్పా అని నన్నడిగితే, ఆ వీధిలో ఆ రోజు నాకో కొట్టు ఉండి ఉంటే ఏమనేదాన్నో అనుకుంటాను.

అందుకే పాత పబ్బులు మూతపడిపోతున్నాయని ఆఫీసులో ఎవరైనా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నాకు సగమే జాలి. సూపర్ మార్కెట్లో చవగ్గా దొరికే బీరు, 2007 నుంచి లోపల సిగరెట్ల నిషేధం, వాటి కష్టాలు వాటికి ఉన్నాయి, కాదనను. కానీ ఫలానా పబ్బు గొప్పదంటే, దాని తలుపు ఎవరికి తెరిచేవాళ్ళో ముందది చెప్పమంటాను. గ్లాసీ జంక్షన్ పోయిందంటే మాత్రం నిజంగానే బాధగా ఉంది. నేనొచ్చేసరికే అది లేదు.

తిరిగొచ్చేటప్పుడు చైనా గుడిలా ఉండే పాత సినిమా హాలు దగ్గర ఆవిడ ఫొటో దిగారు. వెనక డ్రాగన్లు, చేతిలో మునక్కాడల సంచి. బస్సులో నిద్రపోయారు.

రాత్రి భోజనాల దగ్గర మావారు ఫొటో చూసి, "అమ్మా, ఆ హాలుకి కాస్త ముందర గ్లాసీ జంక్షన్ అని..." అని సగంలో ఆగిపోయారు.

"నీకెలా తెలుసురా?"

"చదువుకునే రోజుల్లో అటు వెళ్ళినప్పుడు... ఒకసారి... మంచినీళ్ళు తాగడానికి."

అత్తయ్యగారు మునక్కాడ తీరిగ్గా నమిలి, పిప్పి పళ్ళెం అంచున పెట్టి అడిగారు. "నీళ్ళకి పౌండ్లిచ్చావా, నేను పంపిన రూపాయలా?"