పాత జిఫీ ఆగర్: నవంబర్ నుంచి జనవరి దాకా

నవంబర్

వీధి చివర ఉండే ఒక పెద్దాయన గ్యారేజ్ ఖాళీ చేస్తుంటే ఆయన దగ్గర కొన్నాను. పాత జిఫీ ఐస్ ఆగర్, విస్కాన్సిన్‌లోని షెబోయ్‌గన్ ఫాల్స్‌లో చేసింది. పైన టెకుమ్సే టూ స్ట్రోక్ ఇంజిన్, కింద 10 అంగుళాల స్క్రూ. మన వైపు కొబ్బరి మొక్కలకు గుంతలు తీసే పెట్రోల్ ఆగర్ చూసినవాళ్లకు దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. అది మట్టి తోడుతుంది, ఇది చేపలు పట్టడానికి గడ్డకట్టిన లేక్ మీద ఐస్ తోడి కన్నం వేస్తుంది.

ఇక్కడ మిన్నెసోటాలో చాలామంది లిథియం బ్యాటరీ ఆగర్లకు మారిపోయారు. బటన్ నొక్కితే తిరుగుతాయి, పొగ లేదు, బరువూ తక్కువ. అయినా పాత పెట్రోల్ ఆగర్ అమ్మకానికి వస్తే నిలవదు. ఎందుకో విప్పి చూస్తే తెలుస్తుంది: లోపల స్క్రూడ్రైవర్‌కి లొంగనిది దాదాపు ఏదీ లేదు.

డబ్బు ఇచ్చే ముందు చూడాల్సింది కంప్రెషన్. తాడు లాగితే చేతికి గట్టిగా తగలాలి. గేజ్ పెడితే 100 పిఎస్ఐ దాటింది, అంటే ఇంజిన్‌లో ప్రాణం ఉంది. ప్లగ్ గ్యాప్ 0.030 అంగుళాలకు సరిచేశాను, స్పార్క్ నీలంగా వచ్చింది. కానీ చోక్ మూసి ఉంచితేనే నడుస్తోంది, తెరవగానే ఆగిపోతోంది. పెట్రోల్ సరిగ్గా అందట్లేదన్నమాట. ఇలాంటి పాత ఇంజిన్లలో ముందు అనుమానించాల్సింది కార్బరేటర్ డయాఫ్రమ్‌నే.

ఈ కార్బరేటర్‌లో ఫ్లోట్ ఉండదు. పల్చటి రబ్బరు పొర ఒకటి ఇంజిన్ పీల్పుకి వంగి, సూదిని నెట్టి పెట్రోల్‌ని లోపలికి వదులుతుంది. ఏళ్ల తరబడి పెట్రోల్‌లో నాని ఆ పొర ఎండుటాకులా బిరుసెక్కింది, వేలితో నొక్కితే చిటపటమంది. కొత్త కిట్ వేసేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పొర మధ్యలో ఉన్న రివెట్ తల సూది వైపే ఉండాలి. చోక్ అంచు మీద ‘ఎఫ్’ అక్షరం పోత పోసి ఉంటే ముందు డయాఫ్రమ్, దాని మీద గ్యాస్కెట్. లేకపోతే ముందు గ్యాస్కెట్. ఇది తారుమారైతే మళ్లీ మొదటికే. పనిలో పనిగా గట్టిపడిన పెట్రోల్ పైపు కూడా మార్చేశాను. పెట్రోల్ పారే మోతాదును సర్దే కార్బరేటర్ స్క్రూలను మెల్లగా, ఒత్తకుండా మూసి, ఒక చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టాను. మిగతాది చెవిని బట్టి.

టెకుమ్సే ఇంజిన్ల తయారీ 2008 చివర్లో ఆగిపోయింది. అయినా డయాఫ్రమ్ కిట్లు ఇప్పటికీ తేలిగ్గానే దొరుకుతున్నాయి.

డిసెంబర్

పెట్రోల్‌లో ఆయిల్ పాళ్లు ట్యాంక్ మీద రాసి ఉన్నవే వాడాలి. నాది 24:1, అంటే అమెరికన్ గ్యాలన్‌కి 5.3 ఔన్సులు, లీటర్లలో అయితే లీటరుకి 40 మి.లీ.కి కాస్త పైన. ఇథనాల్ లేని ప్రీమియం పెట్రోల్ ఇక్కడ చిన్న ఇంజిన్ల కోసం చాలా బంకుల్లో దొరుకుతుంది, నేను అదే పోస్తున్నాను. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరుకీ దానికీ అసలు పడదు.

మొదటి ఐస్ అప్పుడు దీన్ని తీసుకెళ్లలేదు. నాలుగు అంగుళాలు ఉంటేనే మనిషి నడవచ్చని ఇక్కడి సహజ వనరుల శాఖ చెబుతుంది. అంత పల్చటి ఐస్‌కి పదమూడు పద్నాలుగు కిలోల ఇనుము మోసుకెళ్లడం దండగ. కార్డ్‌లెస్ డ్రిల్‌కి బిగించే చిన్న ఆగర్ చాలు, గడ్డపలుగుతో అడుగడుగూ పొడిచి చూసుకుంటూ నడవాలి.

జనవరి

మిల్ లాక్స్ లేక్ మీద ఐస్ రెండడుగులకు దగ్గరపడింది, మైనస్ ఇరవై చలి. పక్కన ఒకాయన బ్యాటరీని జాకెట్ లోపల పెట్టుకుని వెచ్చబెడుతున్నాడు. దీనికి ఆ టెన్షన్ లేదు. చోక్ పూర్తిగా మూసి తాడు లాగడం, ఒకసారి ‘టప్’ అనగానే చోక్ సగం తెరిచి మళ్లీ లాగడం. నీలం పొగ, కమ్మటి 2టి ఆయిల్ వాసన, ఆ వెంటనే చెవులు గింగురుమనే మోత. చేపలకి ఆ మోత నచ్చుతుందని నేననను. అందుకే కన్నాలన్నీ ముందే వేసేసి, ఇంజిన్ ఆపి, ఆ తర్వాతే గాలం వేస్తాను.

జిఫీ బ్లేడ్ రంపం పళ్లలా ఉంటుంది. ఐస్‌ని గీకి తీయదు, చితక్కొడుతుంది. కొత్త కన్నం వేయడంలో గీకే బ్లేడ్లు దీనికన్నా చురుకు, అందులో సందేహం లేదు. కానీ నిన్నటి కన్నం రాత్రికి మళ్లీ గడ్డకడితే దాన్ని తెరవడంలో వాటికి అదురు ఎక్కువ, పట్టేసి చేతులు తిప్పేస్తాయి. ఇది మాత్రం గునుసుకుంటూనే దిగిపోతుంది. నీళ్లు తగలగానే తిప్పుతూనే ఒకసారి పైకి లాగితే చెత్త ఐస్ అంతా బయటికొస్తుంది. ఆపేముందు గాలిలో కాస్త తిప్పి బ్లేడ్ మీద నీళ్లు విదిలించాలి. లేదంటే రెండు నిమిషాల్లో పళ్ల మీద గాజు పూత పడుతుంది, తర్వాతి కన్నానికి ఐస్ మీద జారుతుందే తప్ప కొరకదు. అలాగని బ్లేడ్‌ని ఐస్‌కేసి కొట్టకూడదు.

టెంట్ లోపల మాత్రం ఎంత చలైనా ఇంజిన్ ఆన్ చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

గేర్‌బాక్స్ సీల్ దగ్గర కొద్దిగా గ్రీజు చెమ్మ కనిపిస్తోంది. సీల్ ఆర్డర్ చేశాను. ఐస్ కరిగాక ట్యాంక్ ఖాళీ చేసి, కార్బరేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా నడిపి, అప్పుడు విప్పుతాను.