జోర్కీ నెత్తిన ఏ వ్యూఫైండర్?

ఈ ఆదివారం మొత్తం బొటనవేలంత గాజుముక్కని ఎంచుకోవడానికే సరిపోయింది. ఇంట్లో చెప్తే నవ్వుతారు గానీ నాకు మాత్రం నిజంగానే టెన్షన్.

సంగతేంటంటే, నా జోర్కీ-4 (పాత సోవియట్ ఫిల్ము కెమెరా) వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో, 50 ఎంఎం లెన్సుకి అందే మేరే కనిపిస్తుంది, లోపల గీతలేమీ ఉండవు, కిటికీ అంచే ఫ్రేము అనుకోవాలి. ఈమధ్య దానికి జూపిటర్-12 లెన్సు దొరికింది, 35 ఎంఎం, వెనక గాజు ఉబ్బెత్తుగా కెమెరా లోపలికి చొచ్చుకుపోయే రకం. ఫోకస్‌కి ఇబ్బంది లేదు, దూరం చూసి ఫోకస్ కుదిర్చే రేంజ్‌ఫైండర్ దాంతో కూడా కలుస్తుంది. చిక్కంతా ఫ్రేముతోనే. 50 ఎంఎంకి మూల నుంచి మూలకి 47 డిగ్రీలు కనిపిస్తే 35 ఎంఎంకి 63. అంటే ఫిషింగ్ హార్బర్‌లో వలలు సర్దుకుంటున్న మనిషిని తీశాననుకుంటే, నాకు కనపడకుండా పక్కన ఐస్ డబ్బాలూ, ఎవరిదో స్కూటరూ, ఇంకెవరిదో మోచెయ్యీ ఫిల్ము మీదకి వచ్చి కూర్చుంటాయి. అందుకని పైన ఫ్లాష్ తగిలించే గాడిలో ఇంకో వ్యూఫైండర్ పెట్టుకోవాలి.

వన్ టౌన్‌లో ఉండే బాబాయ్ (సొంత బాబాయ్ కాదు, నాన్న స్నేహితుడు, ఒకప్పుడు స్టూడియో నడిపేవాడు) ఫోన్‌లో "రా రా, రెండున్నాయి, చూసుకో" అన్నాడు. టిఫిన్ తినేసి వెళ్లిపోయాను. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఆదివారం జనం, బండి నెమ్మదిగా పోనివ్వాల్సి వచ్చింది. అదీ సోవియట్ సరుకే, నా కెమెరా కూడా. దాన్ని 2001లో రిటైర్ చేసి ఇసుక మీద పెట్టేశారు, నాది మాత్రం ఇంకా డ్యూటీలో ఉంది.

బాబాయ్ మొదట తీసింది టరెట్ ఫైండర్. చూడ్డానికి అదే గొప్పగా ఉంది, ఒప్పుకోవాలి. ముందు గుండ్రటి చక్రం, దాని చుట్టూ అయిదు చిన్న లెన్సులు: 28, 35, 50, 85, 135. ఏది కావాలంటే అది తిప్పుకోవచ్చు. వెనక చిన్న మీట, దాని మీద మీటర్ల అంకెలు, దగ్గర వస్తువైతే ఫైండర్ కొంచెం కిందికి వంగుతుంది. జర్మనీ జైస్ వాళ్లు తమ కాంటాక్స్ కెమెరా కోసం చేసినదాన్ని చూసి సోవియట్ వాళ్లు చేసుకున్నది. నేను కళ్లద్దాలతోనే కన్ను పెట్టాను. నాలుగు మూలలూ ఒకేసారి కనపడవు. కన్ను అటూ ఇటూ జరుపుకుంటూ ఫ్రేమును ముక్కలు ముక్కలుగా చూడాలి, పైగా కంటి దగ్గర అంచు లోహం, అద్దాలకి గీత పడుతుందని ఒకటే భయం. బొమ్మ కూడా చిన్నదిగా, కాస్త మసగ్గా ఉంది.

రెండోది పాత జపాన్ ఫైండర్, పేరు అరిగిపోయింది, ఒక్క 35కే పనికొస్తుంది. కన్ను పెట్టగానే తెల్లటి గీతల ఫ్రేము గాల్లో తేలుతున్నట్టు కనపడింది, గీతల బయట ఏముందో కూడా తెలుస్తోంది. ఈ బయట కనపడటం అనేదే నాకు కావాల్సింది. ఫ్రేములోకి ఎవరు రాబోతున్నారో ముందే చూసుకోవచ్చు. ఇంతకుముందు లైకా కెమెరాలు చేసే లైట్జ్ వాళ్ల ఎస్‌బీఎల్ఓఓ ఫైండర్ మీద ఆశ ఉండేది, అదీ ఇలా గీతలదే, కానీ ధర చూశాక ఆ ఆశ చల్లారింది.

"ఏట్రా, ఐదు కళ్లున్నదాన్ని వదిలేసి ఒంటికన్నుదానికి ఓటేస్తావా?" అన్నాడు బాబాయ్.

"నా దగ్గరున్నవి రెండు లెన్సులే కదా బాబాయ్, 50కి కెమెరాలోనే కిటికీ ఉంది. మిగతా కళ్లతో ఏం చూడమంటావ్?"

"అయితే ముందు దాని మాట నిజమో కాదో చూద్దాం ఉండు."

ఈ పరీక్ష నాకు బాగా నచ్చింది. జోర్కీ-4కి వెనక మూత, అడుగు కలిపి మొత్తం ఊడొస్తాయి. ఫిల్ము కూర్చునే చోట ట్రేసింగ్ పేపర్ ముక్క అతికించి, షట్టర్ 'బి'లో (బటన్ నొక్కినంతసేపూ తెరుచుకునే ఉంటుంది) పెట్టి బాబాయ్ బటన్ నొక్కి పట్టుకుంటే, కాగితం మీద ఎదురు డాబా తలకిందులుగా పడింది. నా తల మీద దుప్పటి, లోపల ఉక్క, చెమట. కాగితం మీద ఏ కిటికీ దాకా పడిందో గుర్తుపెట్టుకుని ఫైండర్‌లో చూస్తే గీతలు అంతకంటే కొంచెం లోపలికే ఉన్నాయి. అంటే ఫిల్ము మీద కాస్త ఎక్కువే వస్తుంది, తక్కువ రాదు. అది మంచిదే, ప్రింట్ వేసేటప్పుడు కోసుకోవచ్చు. ఎండ ఎదురుగా రాకుండా చూసుకున్నాం, గుడ్డ షట్టర్ కదా, సూర్యుడు సూటిగా పడితే చిల్లే.

ఫైండర్ లెన్సుకి పైన సుమారు ఆరు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, అది చూసేదీ లెన్సు చూసేదీ సరిగ్గా ఒకటి కావు. మూడు మీటర్ల దూరంలో ఫ్రేము ఎత్తు రెండు మీటర్లు, అందులో ఆరు సెంటీమీటర్లు లెక్కలోకి రాదు. మీటరు దూరంలో మాత్రం ఎత్తు డెబ్బై సెంటీమీటర్లే, అక్కడ తల తెగుతుంది. టరెట్ వంగుతుంది గనక ఈ ఒక్క విషయంలో దానిదే పైచేయి. నేను మీటరు దూరం నుంచి మనుషుల్ని తియ్యను, అంత దగ్గరికి వెళ్లే ధైర్యం లేదు.

రెండు కిటికీల్లో మార్చి మార్చి చూసే బెడద ఇంకోటి: కింద ఫోకస్, పైన ఫ్రేము. ఈలోపు మనిషి కదిలిపోతాడు. దీనికి బాబాయ్ పాత చిట్కానే చెప్పాడు. లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8 దగ్గర పెట్టి, దూరం మూడు మీటర్ల దగ్గర ఉంచేస్తే దాదాపు రెండు నుంచి ఏడు మీటర్ల దాకా అన్నీ బాగానే వస్తాయి, ఇక కింది కిటికీ జోలికి వెళ్లక్కర్లేదు. హార్బర్‌లో పొద్దుటి ఎండకి ఎఫ్/8 హాయిగా సరిపోతుంది.

గాడిలో ఫైండర్ కాస్త వదులుగా ఉంది. కాగితం మడత దోపాను, అయినా నమ్మకం లేక దారం కట్టి కెమెరా బెల్టుకి ముడేశాను. జెట్టీ అంచున నిలబడి వంగితే నీళ్లలోకి పోతే ఇంక అంతే.

డబ్బులిస్తే బాబాయ్ పుచ్చుకోలేదు, "మంచి ప్రింటొకటి తెచ్చివ్వు చాలు" అన్నాడు. గాలిలో తడికి ఫంగస్ పట్టకుండా సిలికా జెల్ పొట్లం కూడా ఇచ్చాడు. టరెట్ ఆయన బీరువాలోకే వెళ్లింది, ఎప్పుడైనా 135 లెన్సు కొంటే అడుగుతాను. వాన లేకపోతే రేపు పొద్దున్నే హార్బర్.