విజయవాడ నుంచి మెరీనా అలల దాకా, చక్రాల మీద

సంచి సర్దేటప్పుడు నేను మొదట పెట్టుకునేది మూడు మీటర్ల టేపు. నా చక్రాల కుర్చీ వెడల్పు, చేత్తో తిప్పే రిమ్ముల బయటి అంచుల మధ్య కొలిస్తే, 62 సెంటీమీటర్లు. రిమ్ము పట్టుకున్న వేళ్లకి పక్కకి రెండేసి సెంటీమీటర్లు కలిపితే 66. కుషన్‌తో కలిపి సీటు ఎత్తు 51. నోటికి వచ్చి తీరాల్సిన అంకెలు ఈ రెండే. ఎక్కడికి వెళ్లగలనో, ఎక్కడ ఆగిపోతానో చాలావరకు వీటి మీదే ఉంటుంది.

చెన్నైలో గది కోసం ఫోన్ చేసినప్పుడు ‘వీల్‌చైర్ వస్తుందా?’ అని అడగలేదు. అడిగితే ‘వస్తుందండీ, మా కుర్రాళ్లు ఎత్తి దింపుతారు’ అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ రాత్రి రెండింటికి బాత్రూంకి వెళ్లాలంటే ఆ కుర్రాళ్లు ఉండరు. అందుకని వాకిట్లో మెట్లెన్ని, లిఫ్ట్ తలుపు ఎంత వెడల్పు, లోపల ఎంత లోతు, బాత్రూం తలుపు తీసినప్పుడు మిగిలే ఖాళీ ఎంత, మంచం ఎత్తు ఎంత అని విడివిడిగా అడిగాను. బాత్రూం దగ్గర ఒక మోసం ఉంటుంది. చట్రం 75 అని చెప్తారు గానీ, తలుపు పూర్తిగా వెనక్కి వెళ్లకపోతే దాని మందం ఆ ఖాళీలోనే ఉండి నాలుగైదు సెంటీమీటర్లు తినేస్తుంది. టేపు పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని అడగాలి. రెండు చోట్ల 60 అని తేలింది, వదిలేశాను. మూడోచోట 70. మంచం మాత్రం 64 సెంటీమీటర్ల ఎత్తు. కుర్చీలోంచి 13 సెంటీమీటర్లు పైకి ఎక్కడమంటే భుజాల మీద పెద్ద బరువు. పరుపు మీద వేసిన రెండో పరుపు తీయించాక ఆ తేడా మూడుకి దిగింది.

రైలు పినాకిని ఎక్స్‌ప్రెస్. ఉదయం విజయవాడలో ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై, 430 కిలోమీటర్లు. రాత్రి ప్రయాణం కంటే పగటిదే నయం, ఎందుకంటే బెర్తు మీదికి మారే పని ఉండదు, స్టేషన్‌లో సాయం దొరుకుతుంది. టికెట్‌కి రైల్వే ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు ముందే చేయించుకోవాలి, బుక్ చేసేటప్పుడు దాని నంబరు కావాలి. తోడు లేకుండా ప్రయాణం చేయలేరని ధ్రువీకరించిన వాళ్లకి సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీ, ఏసీ చైర్‌కార్లలో 75 శాతం, ఫస్ట్ ఏసీ, సెకండ్ ఏసీల్లో 50 శాతం రాయితీ ఉంది. వెంట వచ్చే ఒకరికీ అంతే.

ఏసీ చైర్‌కార్‌కి రాయితీ ఉన్నా నేను దివ్యాంగుల గదే ఎంచుకుంటాను. చైర్‌కార్‌లో సీట్ల మధ్య నడవలోకి నా కుర్చీ దూరదు. తలుపు దగ్గరే దిగి, కుర్చీని వదిలి, సీటు నుంచి సీటుకి జరుక్కుంటూ పోవాలి. ఆ తర్వాత ఏడు గంటలు బాత్రూం మాట మరిచిపోవాలి. దివ్యాంగుల గది గార్డు బోగీలోనే ఉంటుంది. తలుపు వెడల్పు, లోపల కుర్చీ నిలిపే చోటు, పట్టుకోవడానికి కడ్డీలున్న పెద్ద టాయిలెట్ ఉంటాయి. చిక్కల్లా అది రైలు కొసన ఉండటమే. ఏ కొసన వస్తుందో ముందురోజే అడిగి పెట్టుకోకపోతే ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగే.

ఎక్కడమే అసలు కష్టం. మన ఎత్తు ప్లాట్‌ఫారాలు పట్టాల మీంచి 76 నుంచి 84 సెంటీమీటర్లు. బోగీ నేల దాదాపు 130. అంటే మధ్యలో దాదాపు అరమీటరు గోడ ఉన్నట్టే. నేను కొలిచిన చోట 48 వచ్చింది. ఒకటికి పన్నెండు వాలు, అంటే మీటరు ఎత్తుకి పన్నెండు మీటర్ల పొడవు, కావాలంటే దానికి ఆరు మీటర్ల ర్యాంపు ఉండాలి. స్టేషన్లలో ఉండే మడత ర్యాంపు రెండు మీటర్లదైతే వాలు ఒకటికి నాలుగు. ఎంత బలమైన చేతులున్నా ఆ వాలు మీద ఒంటరిగా ఎక్కకూడదు, కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. నన్నడిగితే ఇది ప్రయాణికుడి లోపం కానే కాదు, ప్లాట్‌ఫారానికీ బోగీకీ పొత్తు కుదరని కొలత. మెట్రోలో ఈ గోడ లేదు కాబట్టే అక్కడ మేం ఎవరినీ పిలవం.

ర్యాంపు రాలేదు. రానప్పుడు ఇలా చేయాలి. కుర్చీని బోగీకి వీపు పెట్టి నిలపాలి, పెద్ద చక్రాలు ముందు ఎక్కేలా. పైన ఒకరు వెనక హ్యాండిళ్లు పట్టుకుంటారు, కింద ఇద్దరు ముందు ఫ్రేమ్ పట్టుకుంటారు. చేతులు ఆన్చే ఆర్మ్‌రెస్టూ, కాళ్లు పెట్టే ఫుట్‌రెస్టూ ఎవరూ పట్టుకోకూడదు. అవి తీసి పెట్టుకునే భాగాలు, ఎత్తగానే ఊడి చేతికొస్తాయి. ఎక్కడ పట్టుకోవాలో వేలితో తాకి చూపించాలి. నడుం బెల్టు బిగించాలి, బ్రేకులు వదిలేయాలి, అప్పుడే కుర్చీ అంచు మీద దొర్లుతూ ఎక్కుతుంది. ‘మూడు అన్నాక లాగండి’ అని నేనే లెక్కపెడతాను. సాయం తీసుకుంటే స్వతంత్రం తగ్గిపోదు, లెక్క నా నోట ఉన్నంతవరకు.

కృష్ణ దాటింది. ఇక చేయాల్సిన పని, కూర్చున్న చోట చర్మం మీద పడే ఒత్తిడి దింపడం. పదిహేను ఇరవై నిమిషాలకోసారి ముందుకి వంగి ఛాతీ తొడల మీద ఆన్చి, లేదా ఒక పక్కకి బాగా ఒరిగి, ఒకటి రెండు నిమిషాలు ఉండాలి. చేతుల మీద లేచి పది సెకన్లలో కూర్చుంటే చాలదు, అణిగిన చర్మంలోకి నెత్తురు మళ్లీ చేరడానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. పైగా భుజాలు అరిగిపోతాయి. రైలు కుదుపుకి చర్మం రాసుకుంటుంది కూడా, అందుకని ఇంట్లో కంటే ఎక్కువసార్లు ఒరగాలి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, కిటికీలో పొలాలు చూస్తూ మరిచిపోతాం.

బాత్రూంకి భయపడి ముందురోజు నుంచే నీళ్లు మానేసే వాళ్లు మనలో చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. చిక్కబడిన మూత్రం ఇన్ఫెక్షన్‌కి దారి, దానివల్ల తర్వాత వారం రోజులు మంచాన పడితే ప్రయాణం ఏం మిగిలినట్టు? కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేసుకునే వాళ్లు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి అనే లెక్క తప్పకూడదు. ఏడు గంటల ప్రయాణానికి లెక్కన రెండు చాలు, నాలుగు పెట్టుకున్నాను, ఒకటి కింద పడితే ఇంకోటి ఉండాలి. రైలు స్టేషన్‌లో ఆగినప్పుడు కాదు, సాఫీగా పరిగెత్తేటప్పుడు వెళ్లాలి. ఆగేటప్పుడూ కదిలేటప్పుడూ వచ్చే ఊపే మనిషిని పడేస్తుంది. నెల్లూరు దగ్గర పెన్నా దాటకముందే నా పని అయిపోయింది. ఆ నదికి ఇంకో పేరే పినాకిని, రైలు పేరు అక్కడిదే. వంతెన మీద కిటికీ దగ్గర ఉండాలనుకున్నాను, ఉన్నాను.

చెన్నై సెంట్రల్‌లో దిగడం మన స్టేషన్ల కంటే తేలిక. పట్టాలు అక్కడితో అయిపోతాయి కాబట్టి అన్ని ప్లాట్‌ఫారాలూ ఒకే చోట కలుస్తాయి. మెట్ల వంతెన ఎక్కే పని లేదు, నేరుగా ముందుకి పోవడమే. ఊరు ఎంచుకునే స్వేచ్ఛ ఉంటే రైలు ఆఖరి స్టేషన్ ఉన్న ఊరు ఎంచుకోండి. దింపుకునేటప్పుడు మూడు తమిళ మాటలు అక్కరకొచ్చాయి: ‘తూక్కాదీంగ’ అంటే ఎత్తకండి, ‘మెదువా’ అంటే మెల్లగా, ‘కొంజం ఇరుంగ’ అంటే కాస్త ఆగండి. ‘అన్నా’ రెండు భాషల్లోనూ ఇంచుమించు ఒకటే.

సెంట్రల్ నుంచి మెట్రోలో గవర్నమెంట్ ఎస్టేట్ ఒక్క స్టేషనే. రైలు నేలా ప్లాట్‌ఫారమూ ఇంచుమించు సమానం, మధ్యలో చిన్న సందు. ఆ సందుకి ఏటవాలుగా పోతే ముందున్న చిన్న చక్రం అడ్డం తిరిగి అందులో ఇరుక్కుంటుంది. తిన్నగా ఎదురుగా పోవాలి, సందు దగ్గర రిమ్ముని చటుక్కున ఒక్క తోపు తోసి చిన్న చక్రాల్ని లేపి దాటించాలి. లేపడం ఇంకా రాని వాళ్లు వెనక్కి తిరిగి పెద్ద చక్రాలతో ఎక్కితే చాలు. దిగాక ప్లాట్‌ఫారం మీదే, లిఫ్ట్ రోడ్డుకి ఏ పక్క తేలుతుందో అడగాలి. అడక్కుండా పైకి వస్తే అణ్ణాసాలై రోడ్డుకి ఆ ఒడ్డున తేలొచ్చు.

అక్కడి నుంచి వాలాజా రోడ్డు మీదుగా, చేపాక్ క్రికెట్ మైదానం పక్కనుంచి మెరీనాకి. ఫుట్‌పాత్ తెగిన చోట రోడ్డు అంచున పోవాల్సొచ్చింది. నీళ్లు పోవడానికి రోడ్డుని పక్కకి వాలుగా వేస్తారు, కుర్చీ ఆ పల్లం వైపే లాగుతుంది. పల్లం వైపు చెయ్యి ఎక్కువ తొయ్యాలి, రెండో చేత్తో రిమ్ముని ఒడిసిపట్టి ఉంచాలి. అర కిలోమీటరుకే ఒక భుజం మండిపోతుంది. టైర్లలో గాలి తక్కువుంటే ఇది ఇంకా కష్టం, పైగా బ్రేకు కూడా పట్టదు, ఎందుకంటే బ్రేకు కడ్డీ నొక్కేది టైరునే. బయల్దేరే ముందు టైరు పక్క మీద రాసి ఉన్నంత గాలి కొట్టించాలి.

వివేకానందర్ ఇల్లం (వివేకానంద భవనం) ఎదురుగా ఇసుకలోకి వెళ్లే చెక్క దారి ఉంది. చెన్నై కార్పొరేషన్ 2022 నవంబరులో తెరిచింది, పొడవు 263 మీటర్లు, వెడల్పు 3. తెరిచిన రెండు వారాలకే మాండస్ తుఫానుకి కొంత భాగం దెబ్బతింది, మళ్లీ బాగుచేశారు. మూడు మీటర్లన్నది సరైన కొలత. ఎదురెదురుగా వచ్చే రెండు కుర్చీలకి మీటరు ఎనభై చాలు, మిగతాది నడిచేవాళ్లకి. కుర్చీ ఉన్నచోటే చుట్టూ తిరగడానికి కావాల్సిన మీటరున్నరా దొరుకుతుంది. గాలికి ఇసుక చెక్కల మీదికి కొట్టుకొస్తుంది, దాని మీద చక్రం జారుతుంది, చిన్నగా తొయ్యాలి. రోడ్డు మీంచి కనిపించే సముద్రం వేరు, ఈ దారి కొసన నిలబడ్డ సముద్రం వేరు. ఇలాంటిది విశాఖలో, సూర్యలంకలో, మన ప్రతి తీరంలో ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

దారి అయ్యాక నీళ్ల దాకా మళ్లీ ఇసుకే. పొడి ఇసుకలో ముందు చక్రాలు కూరుకుపోతాయి, సన్నటి చక్రం మీద బరువంతా గోరంత చోట పడుతుంది మరి. ముందుకి తొయ్యడం దండగ. కుర్చీని వెనక్కి తిప్పి, చిన్న చక్రాలు గాల్లోకి లేచేలా వాల్చి, ఇద్దరు వెనక్కి లాగాలి. ఐదారు మీటర్ల తర్వాత తడి ఇసుక వచ్చింది. అది గట్టిది, దాని మీద నేనే తోసుకున్నాను. అలకి ఎదురుగానే ఉండాలి, పక్కకి తిరిగితే పడేస్తుంది. వెనక్కి పోయే నీళ్లు చక్రాల కింది ఇసుకని తవ్వుకుపోతాయి, రెండు అలలకే కుర్చీ ఒరుగుతుంది, కాబట్టి నిమిషానికోసారి చోటు మారాలి, వెనక ఒక మనిషి ఉండి తీరాలి. నురగ చిన్న చక్రాలు దాటి రాకుండా చూసుకున్నాను, మెరీనాలో అంతకంటే లోపలికి పోకూడదు. స్పర్శ లేని పాదాలకి బూట్లు విప్పొద్దు. గవ్వ కోసినా, ఎండకి ఇసుక కాల్చినా రాత్రి దాకా తెలియదు.

తిరిగి రావడానికి లో ఫ్లోర్ సిటీ బస్సు ఎక్కాను. 2024 నుంచి చెన్నైలో తిరుగుతున్నాయి. ఆగినప్పుడు ఫుట్‌పాత్ వైపు వంగుతాయి, తలుపు దగ్గర మడత ర్యాంపు తెరుస్తారు. డ్రైవరు ఫుట్‌పాత్‌కి ఆనించి ఆపితేనే వాలు తగ్గుతుంది, అందుకని దూరం నుంచే చెయ్యి ఊపాలి.

గదిలో మొదట పాదాలు అద్దంలో చూసుకున్నాను. తర్వాత చక్రాలు. ముందు చక్రాల ఇరుసు బోల్టు విప్పి, చుట్టుకున్న వెంట్రుకలూ నారా తీసి, మంచినీళ్లతో కడిగి, బాగా తుడిచి ఆరబెట్టాను. ఉప్పు రాత్రంతా ఉంటే తెల్లారేసరికి బేరింగు తుప్పు పడుతుంది. నా కుర్చీకి వాడేవి 608 రకం, లోపలి వ్యాసం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. స్కేటింగ్ చక్రాల్లో ఉండేవీ ఇవే, కాబట్టి ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఎడమ చక్రాన్ని చెవి దగ్గర పెట్టి తిప్పితే గరగరమంది. సంచిలో నాలుగు కొత్తవి ఉన్నాయి, రెండు మార్చి బోల్టు బిగించాను.