వార్మరా, అమ్మ ఎదా? జవాబు వెతికిన నెల రోజులు

తిరుపతిలో ఒక ఆసుపత్రి నవజాత శిశువుల వార్డులో పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు, బరువు తక్కువ బిడ్డలే మా దగ్గర ఎక్కువ. శ్రీకాళహస్తి, పుత్తూరు, సత్యవేడు వైపు నుంచి 108లో వచ్చేవాళ్లూ ఉంటారు.

అప్పటిదాకా మా పద్ధతి ఒకటే. పుట్టగానే బిడ్డను వార్మర్‌లో, అంటే పైనుంచి వేడి ఇచ్చే చిన్న మంచంలో పెట్టేవాళ్లం. ఊపిరి కుదుటపడి ఆక్సిజన్ తీసేశాక, రెండు రోజులకో వారానికో అమ్మను లోపలికి పిలిచి కంగారూ మదర్ కేర్ మొదలుపెట్టించేవాళ్లం. వార్డులో అందరం కేఎంసీ అనే అంటాం. బిడ్డకు టోపీ, డైపర్ మాత్రం ఉంచి, తల్లి ఎద మీద ఒంటికి ఒళ్లు తగిలేలా నిలువుగా పడుకోబెట్టి గుడ్డతో కట్టడమే కేఎంసీ. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి ఇది.

2023 వేసవిలో ట్రైనింగ్‌కి వెళ్లొచ్చిన మా తోటి సిస్టర్ ఒక మాట చెప్పింది. "అక్కా, ఇప్పుడు ఆక్సిజన్ తీసేదాకా ఆగొద్దంటున్నారు. పుట్టిన వెంటనే అమ్మ మీదకు వేయమంటున్నారు." నాకు గుండె ఝల్లుమంది. 1,400 గ్రాముల బిడ్డ, ముక్కుకు ఊపిరికి సాయంగా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ గొట్టాలు, పక్కనే మానిటర్. ఆ బిడ్డను వార్మర్‌లోంచి తీయడమా? మా డాక్టర్ మేడమ్‌ని అడిగాను. ఆమె కొట్టిపారేయలేదు. "ఎవరు చెప్పారన్నది వదిలేయండి. ఎక్కడ చేశారు, ఏ బిడ్డల మీద చేశారు, ఏం తేలింది, వెతికి తీసుకురండి. బాగుంటే మనమూ చేద్దాం" అన్నారు.

నైట్ డ్యూటీ దిగాక ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. గూగుల్‌లో వీడియోలు, వార్తలు తప్ప పనికొచ్చేది దొరకలేదు. వైద్య పరిశోధనలు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో కంగారూ మదర్ కేర్ అని కొడితే వేలల్లో వచ్చాయి. వాటిలో కాక్రేన్ అనే సంస్థ 2016లో వేసిన రివ్యూ ఒకటి కళ్లబడింది. ఒకే విషయం మీద జరిగిన పరిశోధనలన్నీ ఏరి, నాణ్యత చూసి, కలిపి లెక్క కట్టేవాటిని రివ్యూలంటారు. బరువు తక్కువ బిడ్డల్లో కేఎంసీతో మరణాలు 40 శాతం తగ్గాయని అందులో ఉంది. ఆ సంతోషంలో మిగతాది చదవకుండానే ప్రింట్ తీసి మేడమ్ టేబుల్ మీద పెట్టేశాను.

మేడమ్ రెండు నిమిషాలు చూసి ఒక వాక్యం కింద గీత గీశారు. ఆ రివ్యూలో ఉన్నవి 21 పరిశోధనలు. వాటిలో 19 బిడ్డ స్థిమితపడ్డాక మొదలుపెట్టిన కేఎంసీ మీద చేసినవే. "ఇది మనం ఇప్పటికే చేస్తున్న పనికి సాక్ష్యం. మీరు అడిగిన ప్రశ్న వేరే కదా?" అన్నారు.

నిజమే. నా ప్రశ్నేమిటో నాకే స్పష్టంగా లేదు. ఆ రాత్రి నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలుగా రాసుకున్నాను. ఎవరికి: రెండు కిలోల లోపు, ఇంకా స్థిమితపడని బిడ్డలకు. ఏం చేస్తే: పుట్టిన వెంటనే కేఎంసీ మొదలుపెడితే. దేనితో పోలిస్తే: వార్మర్‌లో ఉంచి తర్వాత మొదలుపెట్టడంతో. ఏం చూడాలి: బిడ్డ బతుకుతుందా లేదా. దీన్ని పికో అంటారు. నర్సింగ్‌లో పరీక్ష కోసం బట్టీపట్టిందే, పని పడింది మాత్రం ఇప్పుడే. నాలుగో ముక్క దగ్గర చాలాసేపు ఆగాను. బరువు పెరగడం రాయాలా, ఒళ్లు వెచ్చగా ఉండటం రాయాలా అని. అవి కొలవడం సులువే. కానీ బిడ్డను ఇంటికి తీసుకెళ్తామా లేదా అన్నదే ఆ తల్లి అడిగే ప్రశ్న. అందుకే అదే రాశాను.

ఈసారి పబ్‌మెడ్‌లో సొంత మాటలు కాకుండా, ఒక్కో విషయానికి వాళ్లు పెట్టుకున్న పదాల జాబితా (మెష్) లోని పదాలు తీసుకుని, అన్నీ ఉన్నవే రావాలని మధ్యలో ఆండ్ పెట్టి, బిడ్డలను చీటీ తీసినట్టు గుంపులుగా విడదీసి చేసే రాండమైజ్డ్ ట్రయల్స్ మాత్రమే చూపించమన్నాను. జాబితా చేతిలో పట్టేంత అయింది. 2021 మేలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిన పేపర్ దొరికింది. డబ్ల్యూహెచ్‌ఓ నడిపించిన పరిశోధన అది. ఘనా, ఇండియా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో అయిదు ఆసుపత్రులు, 3,211 మంది బిడ్డలు, ఒక కిలో నుంచి 1.799 కిలోల బరువు. మన దేశంలో చేసింది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో. ఆ పేరు చూశాక కాస్త ధైర్యం వచ్చింది. రద్దీ వార్డు అంటే ఏమిటో వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

చదవడానికి నాలుగు రోజులు పట్టింది. ఏ బిడ్డ ఏ గుంపులోకి వెళ్లాలో చీటీ తీసినట్టే తేల్చారు కాబట్టి, గట్టి బిడ్డలందరినీ ఒక వైపు వేసుకునే వీలు లేదు. ఎవరికి కేఎంసీ ఇస్తున్నారో నర్సులకు తెలియకుండా దాచలేరు. మొదట అది పెద్ద లోపమనిపించింది. మేడమ్‌ని అడిగితే, నొప్పి తగ్గిందా లాంటి విషయమైతే చూసేవాళ్ల అభిప్రాయం దాన్ని అటూ ఇటూ లాగుతుంది, బిడ్డ బతికిందా లేదా అన్నదాన్ని లాగలేదు అన్నారు. అక్కడ నా అనుమానం తీరింది.

ఇక ఫలితం. 28 రోజుల లోపు మరణాలు 25 శాతం తక్కువ. నేను అదే చెప్పాను. "ఎంతలో పాతిక శాతం?" అన్నారు మేడమ్. మళ్లీ పట్టిక చూశాను. మామూలు పద్ధతిలో ఉన్న నూరు మందిలో 15.7 మంది, వెంటనే కేఎంసీ ఇచ్చిన నూరు మందిలో 12 మంది చనిపోయారు. తేడా 3.7. అంటే ఇంచుమించు 27 మంది బిడ్డలకు ఇలా చేస్తే ఒక బిడ్డ అదనంగా బతుకుతుంది. 25 శాతం అన్నప్పుడు కాగితం మీది అంకెగానే ఉండింది. 27 మందిలో ఒకరు అనగానే మా వార్డులోని మంచాలు కళ్ల ముందు కనిపించాయి.

వెనక్కి లాగే సంగతులూ రాసుకున్నాను. మొదటి 72 గంటల మరణాలు విడిగా చూస్తే తేడా ఖాయమని చెప్పడానికి లేదు. కేఎంసీ గుంపు మరణాల రేటును అవతలి గుంపు రేటుతో భాగిస్తే వచ్చే అంకెకు అసలు విలువ ఉండగల హద్దులు 0.58 నుంచి 1.04 దాకా ఉన్నాయి. ఒకటి అంటే రెండూ సమానం, పై హద్దు ఒకటి దాటిందంటే తేడా లేకపోయి ఉండొచ్చు కూడా. మేలు కనిపించిందని పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. అలా ఆపినవాటిలో లాభం ఉన్నదానికంటే కాస్త ఎక్కువగా కనిపించే అవకాశం ఉంటుంది.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది వేరే అంకె. ఆ బిడ్డలు ఐసీయూలో ఉన్నన్ని రోజులూ రోజుకు దాదాపు 17 గంటలు ఎద మీదే ఉన్నారు. అవతలి గుంపులో గంటన్నర. 17 గంటలు ఎలా సాధ్యమైంది? ఆ ఆసుపత్రుల్లో తల్లి మంచం బిడ్డ ఐసీయూలోనే వేశారు. మా దగ్గర తల్లి ఒక అంతస్తులో, బిడ్డ ఇంకో అంతస్తులో. సిజేరియన్ అయిన తల్లిని వీల్‌చైర్‌లో తెచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడితే గంటకే నడుం పట్టేస్తుంది. పేపర్‌లోని బిడ్డలు మా బిడ్డల్లాంటివాళ్లే, వార్డు మాత్రం మాది కాదు. ఆ మంచం లేకుండా ఆ ఫలితం మాకూ వస్తుందని ఏ అంకె ధైర్యంతో చెప్పగలను?

2022 నవంబర్‌లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా సిఫారసు మార్చిందని అప్పటికి చూశాను. పుట్టాక వీలైనంత త్వరగా మొదలుపెట్టాలి, రోజుకు 8 నుంచి 24 గంటలు. సొంతంగా ఊపిరి తీసుకోలేని బిడ్డలు, షాక్‌లో ఉన్నవాళ్లు, వెంటిలేటర్ కావాల్సినవాళ్లు ఇందులోకి రారు. మా మేడమ్ అవన్నీ ఒక కాగితం మీద రాయించి గోడకు అంటించారు. నాలుగు వార్మర్ల పక్కన వాలు మంచాలు వేయడానికి అనుమతి వచ్చేసరికి రెండు నెలలైంది. ఆ రెండు నెలల గురించి చెప్పుకోవడానికేం లేదు, ఫైలు తిరిగింది, అంతే.

మొదటి బిడ్డ 1,520 గ్రాములు, సీప్యాప్ మీద ఉంది. తల్లికి సిజేరియన్, లేవలేదు. పరిశోధనలో అలాంటప్పుడు తల్లి ఎంచుకున్న మరో మనిషి కేఎంసీ ఇచ్చారని చదివాను కదా, అమ్మమ్మను అడిగాను. తిరుచానూరులో పూలు కట్టే ఆవిడ. "పెట్టెలో వెచ్చగా ఉండే బిడ్డను బయటికి తీస్తావా మా? గాలి తగిలితే?" అంది.

"అవ్వా, గొట్టం తీయం. మానిటర్ చూస్తా పక్కనే ఉంటా. నీ ఒంటి వేడి చాలు బిడ్డకు" అన్నాను. ఆవిడ స్నానం చేసి వచ్చి పడుకుంది. నేను, ఇంకో సిస్టర్ కలిసి గొట్టాలు జాగ్రత్తగా పట్టుకుని బిడ్డను ఎద మీద పెట్టాం. గంట తర్వాత ఉష్ణోగ్రత చూస్తే 36.8 డిగ్రీల సెల్సియస్. మూడో గంటకు నేను లేపబోతే ఆవిడ వేలు పెదవి మీద పెట్టి వద్దంది.

ఇప్పుడు ప్రతి బిడ్డ చార్టులో కేఎంసీ గంటలకు ఒక గడి ఉంది. పగలు నిండుతోంది. రాత్రి పది దాటాక ఖాళీలు ఎక్కువ. 17 గంటలకు మేం ఇంకా చాలా దూరంలో ఉన్నాం. రాత్రి షిఫ్టులో నర్సుల సంఖ్యా, తోడు వచ్చినవాళ్లు పడుకునే చోటా ఇందులో ఎంత తేడా చేస్తాయని నోట్‌బుక్‌లో మళ్లీ నాలుగు ముక్కలు రాసి పెట్టుకున్నాను. ఈ ఆదివారం నాకు సెలవు, ఆ రోజే వెతకడం మొదలుపెడతాను.