పాత సైకిల్ మీద పానగల్ నుంచి గడియారం దాకా: నా అనుభవం

మా ఇల్లు పానగల్‌లో, డ్యూటీ నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మెడికల్ షాపులో. మధ్యలో నాలుగు కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇంట్లో ఉన్న ఒక్క బండి మా తమ్ముడికి కావాల్సి వచ్చింది, వాడు రోజూ చౌటుప్పల్ వైపు కంపెనీకి పోవాలి. ఇంకో బండి తీసుకుని నెలనెలా కిస్తీలు కట్టే ఉద్దేశం నాకు లేదు, ఆటోలో పోదామంటే రాత్రి షాపు మూసే వేళకు మనుషులు నిండితే గానీ అది కదలదు. అందుకే 1,500 పెట్టి పాత అట్లాస్ సైకిల్ ఒకటి కొన్నాను. వానాకాలం, చలికాలం, ఎండాకాలం మూడూ దాని మీదే గడిచాయి, తక్కువ ధర సైకిల్‌తో రోజూ పనికి పోవచ్చా అని ఆలోచించేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

సైకిల్ మానేసినవాళ్లను అడిగితే చాలామంది "కాళ్లు లాగుతున్నయ్" అనే అంటారు. చక్రం వంకర తిరిగి బ్రేకు రబ్బరుకు రాసుకుంటుంటే, ఇరుసులో గ్రీజు ఎండిపోయి గోలీలు అరిగిపోతే, టైర్లో గాలి సగమే ఉంటే ఎవరి కాళ్లయినా లాగుతాయి. అందుకే కొన్న రోజే తొక్కడం మొదలుపెట్టకుండా నేరుగా మేం చాచా అని పిలిచే మెకానిక్ దగ్గరికి తోసుకుంటూ పోయాను. మెత్తటి సీటు వేయించుకోవాలని నా ఆలోచన. ఆయన వెనక చక్రం ఎత్తి ఒకసారి తిప్పి చూసి, "సీటు తర్వాత బేటా, ముందు చక్రాలు సీదా చేద్దాం" అన్నాడు.

పని రెండు పూటలు పట్టింది. పాత గ్రీజంతా కిరోసిన్‌తో కడిగి, గోలీలు మార్చి, కొత్త గ్రీజు పెట్టి ఓవరాయిలింగ్ చేశాడు. చక్రంలోని ఒక్కో పుల్ల (స్పోక్) బిగిస్తూ, వదులు చేస్తూ రెండు చక్రాల బెండు తీశాడు, ఆ పని చూస్తూ కూర్చుంటే టైమే తెలియదు, చక్రం పక్కన వేలు పెట్టి తిప్పి ఎక్కడ తగులుతుందో చూసి సరిగ్గా ఆ పుల్లే తిప్పుతాడు. పైడలు తొక్కినప్పుడల్లా వచ్చే టక్ టక్ చప్పుడు, పైడలు రాడ్డును ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులు అరిగిపోవడం వల్ల అని చెప్పి అవీ మార్చాడు. వాటిని అలాగే వదిలేస్తే పైడలు రాడ్డు కూడా పాడవుతుందట. నేను అడిగి చేయించుకున్నది ఒకటుంది, వెనక చక్రం దగ్గర చైను తిరిగే 18 పళ్ల ఫ్రీవీల్ తీసి 20 పళ్లది వేయించుకున్నా. స్పీడు కొంచెం తగ్గుతుంది, కానీ ఎదురుగాలిలో, ఎత్తు ఎక్కేటప్పుడు దిగి తోసుకునే అవసరం ఉండదు. గేర్లు లేని సైకిల్‌కి ఇంత తక్కువ ఖర్చులో ఇంత సుఖం ఇచ్చే మార్పు నాకు ఇంకొకటి తెలియదు.

టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు, కూలి అన్నీ కలిపి 1,720 అయింది. సైకిల్ కొన్నదానికంటే రిపేరుకే ఎక్కువైందని ఇంట్లో గునిసారు గానీ, అక్కడ పెట్టిన ప్రతి రూపాయీ కాళ్లకు తెలుస్తుంది. ఘజియాబాద్ దగ్గర సాహిబాబాద్‌లో ఉన్న అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే ఆగిపోయింది. మరి సామాన్లు దొరుకుతాయా అని నాకూ టెన్షన్ ఉండేది. ఈ 28 ఇంచుల నల్ల సైకిళ్లకు టైరు, ట్యూబు, చైను ఏ కంపెనీవైనా దాదాపు ఒకటే కొలత, లూధియానా మాలు ఇప్పటికీ దొరుకుతోంది. దొరకకుండా పోతున్నది బెండు తీసే మనిషి. చాచా కొడుకులు ఎవరూ ఈ పనిలోకి రాలేదు, అది తలుచుకుంటే నిజంగా బాధేస్తుంది.

సీటు ఎత్తు కూడా సరిచేసుకోండి. పైడలు కిందికి పోయినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి, చాలామంది రెండు కాళ్లూ నేలకు ఆనేలా కిందికి దించుకుని తొక్కి మోకాళ్ల నొప్పి తెచ్చుకుంటారు.

ఇక దారి సంగతి. పానగల్ నల్లగొండకు ఈశాన్యాన ఉంటుంది కాబట్టి పొద్దున పోయేటప్పుడు ఎండ నా వీపు మీద ఉంటుంది, కళ్లలో పడదు. కానీ ఎదురుగా వచ్చే బండ్లవాళ్ల కళ్లలో పడుతుంది, ఓవర్‌టేక్ చేస్తూ నా వైపుకు వచ్చేసేవాళ్లకు నేను కనపడను! అందుకే పసుపో, నారింజో, ఏదో ఒక కొట్టొచ్చే రంగు చొక్కా వేసుకుని పోయి షాపులో మార్చుకుంటా. చెమట పట్టిన చొక్కా ఎలాగూ మార్చాలి. బ్యాగు వీపుకు తగిలించుకోకుండా వెనక క్యారియర్‌కు పాత ట్యూబు ముక్కతో బిగించి కడతా, వీపుకు గాలి తగులుతుంది. జూన్ నుంచి పడమటి గాలి మొదలైతే పోయేటప్పుడు ఎదురు, రాత్రి ఇంటికి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది, అలసిపోయిన ఒంటికి అది పెద్ద సాయం.

లారీలకు భయపడి మరీ రోడ్డు అంచుకు పోతే పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. వానలు పోయాక పల్లేరు ఎండి రాలే రోజుల్లో తారు దిగొద్దు, అంచుకు ఒక మూరెడు లోపల తిన్నగా, వంకరలు పోకుండా తొక్కితే వెనక వచ్చేవాడికి మన నడక అర్థమవుతుంది. పొద్దున చూసేసరికి గాలి మెల్లగా దిగిపోయి ఉంటే ప్రతిసారీ పంక్చర్ అనుకోకండి, వాల్వ్ మూతికి కాస్త ఉమ్మి రాసి చూడండి, బుడగ వస్తే లోపలి సన్న రబ్బరు గొట్టం పోయినట్టు. మన ఎండలకు అది తొందరగా చీలుతుంది, ఖరీదు రూపాయో రెండో, నా పర్సులో ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

వానలో మాత్రం చాలా జాగ్రత్త. ఇనుప రిమ్ములు తడిస్తే బ్రేకు దాదాపు పట్టదు. ఆగాల్సిన చోటుకు చాలా ముందు నుంచే మెల్లగా నొక్కుతూ పోతే రబ్బరు ఆ నీటిని తుడుస్తుంది, అప్పుడు పడుతుంది. ముందు బండికి దూరం రెట్టింపు ఉంచండి.

రాత్రి సంగతికొస్తే, డైనమో తీయించేశాను, తొక్కుడు బరువు, పైగా ఆగితే లైటు ఆరిపోతుంది, ఆగినప్పుడే కదా వెనకవాడికి కనపడాల్సింది. చార్జింగ్ లైటు ముందు ఒకటి, ఎర్రది వెనక ఒకటి పెట్టా. పైడల్లకు కూడా మెరిసే టేపు అంటించా, అవి కిందికీ పైకీ కదులుతుంటే దూరం నుంచే తెలుస్తుంది. కుక్కలు వెంటపడితే పారిపోవద్దు, దిగి సైకిల్‌ను అడ్డం పెట్టుకుని నడిస్తే కొద్దిసేపటికి అవే వదిలేస్తాయి.

మొదట్లో షాపుకొచ్చే తెలిసినవాళ్లంతా "ఏమైందన్నా, బండి ఖరాబైందా?" అని అడిగేవాళ్లు. సైకిల్ అంటే ఏదో కష్టంలో ఉన్నాడనే లెక్క. బాగానే ఉన్నా, కావాలనే తొక్కుతున్నా అని చెప్పి ఊరుకునేవాణ్ణి. వాళ్లలో ఒకాయన, బీపీ గోలీలకు నెలనెలా వచ్చే రిటైర్డ్ సార్, అటక మీదున్న తన పాత సైకిల్ దింపించి చాచా షాపు ఎక్కడో అడిగి పోయాడు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఏప్రిల్లో మొదలుపెట్టకండి. చుట్టూ గుట్టలు, బండలు ఉన్న ఊరు, రాత్రి తొమ్మిదికి కూడా వేడి దిగదు, అలవాటు లేని ఒంటికి వారంలోనే విసుగొస్తుంది. దసరా, దీపావళి మధ్యలో మొదలుపెడితే ఎండలు వచ్చేసరికి కాళ్లు గట్టిపడతాయి. సైకిల్ మాత్రం ఒక నెల ముందే చూసుకోండి, పండగ ముందు చాచా దగ్గర పిల్లల సైకిళ్ల రద్దీ ఉంటుంది.